వేడికి దారి చూపిన విల్‌హెల్మ్ మేబాక్: తేనెపట్టు రేడియేటర్ వెనుక ఒక అనాథ బాలుడి జీవితం

స్పోర్ట్స్ కారు ఇంజిన్‌కు శక్తి పెంచాలనుకునేవారు ముందుగా చూసుకోవలసింది రేడియేటర్‌ను. శక్తి పెరిగితే వేడి పెరుగుతుంది. ఆ వేడిని బయటికి పంపలేని ఇంజిన్ ఎంత బలమైనదైనా కొద్ది నిమిషాల్లోనే ఆవిరి కక్కుతూ ఆగిపోతుంది. అందుకే పాత రేడియేటర్ తీసి ఎక్కువ గొట్టాలున్నది బిగించడం, దాని వెనుక బలమైన ఫ్యాన్ అమర్చడం నేటి మోటారు షెడ్లలో సర్వసాధారణమైన పని. ఈ పనికి మూలసూత్రం సుమారు నూట పాతికేళ్ల క్రితం జర్మనీలో రూపుదిద్దుకుంది. దానిని రూపొందించిన ఇంజనీరు విల్‌హెల్మ్ మేబాక్. ఆయన పేరు నేడు అత్యంత ఖరీదైన కార్ల మీద కనిపిస్తుంది. అయితే ఆయన చేసిన పనిలో అధికభాగం ఇతరుల పేర్లతోనే లోకానికి పరిచయమైంది.

మేబాక్ 1846 ఫిబ్రవరి 9న హైల్‌బ్రాన్ పట్టణంలో జన్మించారు. తండ్రి వడ్రంగి మేస్త్రి. అయిదుగురు అన్నదమ్ములున్న ఆ కుటుంబం పని వెతుక్కుంటూ స్టుట్‌గార్ట్ చేరింది. అక్కడ మొదట తల్లి మరణించింది. మరి కొంతకాలానికి తండ్రి నీట మునిగి చనిపోయాడు. అప్పటికి విల్‌హెల్మ్‌కు పదేళ్లు. పిల్లలను ఆదుకోవలసిందిగా ఒక స్థానిక పత్రికలో ప్రకటన వెలువడింది. రాయిట్లింగెన్ పట్టణంలో గుస్టావ్ వెర్నర్ అనే మతబోధకుడు నడుపుతున్న ఆశ్రమం ఆ బాలుణ్ణి చేరదీసింది. అనాథలకు, నిరుపేదలకు తిండి పెట్టి, చేతిపని నేర్పే సంస్థ అది. దానికి సొంతంగా యంత్రశాల కూడా ఉండేది.

మొదట బాలుణ్ణి రొట్టెలు చేసే పనిలో పెట్టాలనుకున్నారని చెబుతారు. అతని చూపు యంత్రాల మీద ఉందని గ్రహించిన వెర్నర్ అతణ్ణి డ్రాయింగ్ విభాగానికి పంపారు. పగలు పని, సాయంత్రం చదువు. గీత గీయడం, భౌతికశాస్త్రం, గణితం, తరువాత ఇంగ్లీషు ఇలా ఒక్కొక్కటే పట్టుబడ్డాయి. విశ్వవిద్యాలయం గడప తొక్కని ఆ యువకుడు తన చదువంతా ఆ యంత్రశాలలోనే సంపాదించుకున్నాడు. గీతను చూసి యంత్రాన్ని, యంత్రాన్ని చూసి గీతను ఊహించగల నేర్పు అతనికి అక్కడే అబ్బింది.

ఆ యంత్రశాల నిర్వాహకుడిగా వచ్చినవారు గోట్లీబ్ డైమ్లర్. మేబాక్ కన్నా పన్నెండేళ్లు పెద్ద. 1865లో ఇద్దరికీ పరిచయమైంది. డైమ్లర్ పట్టుదల, లోకజ్ఞానం, వ్యాపారపు ఎత్తుగడలు కలిగిన వ్యక్తి. మేబాక్ మితభాషి, కాగితం ముందు కూర్చుంటే కాలం తెలియనివారు. 1869లో డైమ్లర్ కార్ల్‌స్రూ నగరంలోని యంత్రాల కర్మాగారానికి వెళ్లగా, మేబాక్ ఆయన వెంట నడిచారు. 1872లో కొలోన్ సమీపంలోని డాయిట్స్ గ్యాస్ ఇంజిన్ల కర్మాగారంలో డైమ్లర్ సాంకేతిక నిర్వాహకులయ్యారు. కొద్దికాలానికే మేబాక్ అక్కడ ప్రధాన డిజైనర్ అయ్యారు.

నికొలాస్ ఆటో నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌ను 1876లో సాధించినది ఆ కర్మాగారంలోనే. ప్రయోగశాలలో తిరిగిన ఆ యంత్రాన్ని కర్మాగారంలో వరుసగా తయారుచేసి అమ్మదగిన రూపానికి తీసుకువచ్చిన పనిలో మేబాక్‌కు ప్రధాన భాగం ఉంది. అదే ఏడాది అమెరికాలో జరిగిన ఫిలడెల్ఫియా ప్రదర్శనకు సంస్థ ఆయన్ను పంపింది. అనాథాశ్రమంలో పెరిగిన యువకుడు ముప్పయ్యవ ఏట సముద్రం దాటి వచ్చాడు. రెండేళ్లకు పెళ్లి చేసుకున్నారు. 1879లో పెద్ద కుమారుడు కార్ల్ పుట్టాడు. తండ్రి పేరును చివరికి కారు మీద చెక్కించినవాడు అతడే.

ఆటోతో విభేదాలు పెరగడంతో 1882లో డైమ్లర్ డాయిట్స్ వదిలిపెట్టారు. స్టుట్‌గార్ట్ పక్కనున్న కాన్‌స్టాట్‌లో తోటతో కూడిన ఇల్లు కొని, ఆ తోటలోని గాజు గదిని చిన్న వర్క్‌షాపుగా మార్చారు. మేబాక్ జీతం మీద ఆయన వద్ద చేరారు. పగలూ రాత్రీ ఇనుము చప్పుళ్లు వినిపిస్తుండటంతో లోపల దొంగ నాణేలు తయారవుతున్నాయేమోనని తోటమాలికి అనుమానం వచ్చిందనీ, పోలీసులు తలుపు తెరిచి చూస్తే పనిముట్లు, ఇంజిన్ విడిభాగాలు మాత్రమే దొరికాయనీ ఒక కథ ప్రచారంలో ఉంది.

ఆ గదిలో జరుగుతున్నది నాణేల తయారీ కన్నా చాలా పెద్ద విషయం. ఆటో ఇంజిన్ నిమిషానికి రెండు వందల చుట్లు కూడా దాటని భారీ యంత్రం. బండి మీద పెట్టాలంటే ఇంజిన్ తేలికగా ఉండాలి. తేలికగా ఉండి కూడా శక్తినివ్వాలంటే అది మరింత వేగంగా తిరగాలి. మేబాక్ గీసిన చిన్న ఇంజిన్ నిమిషానికి ఆరు వందల చుట్లు తిరిగింది. 1885లో దానిని నిలువుగా, గోడగడియారం ఆకారంలో మలిచారు. అదే ఏడాది దానిని ఒక చెక్క ద్విచక్ర వాహనంలో అమర్చారు. డైమ్లర్ కుమారుడు పాల్ దాని మీద ప్రయాణించినప్పుడు సీటుకు నిప్పంటుకుందని చెబుతారు. ఇంధనాన్ని మండించడానికి ఎర్రగా కాల్చిన గొట్టం సరిగ్గా సీటు కింద ఉండటమే కారణం. మోటారు వాహనానికీ వేడికీ మధ్య పోరాటం మొదటి ప్రయాణంలోనే మొదలైందన్నమాట.

ఈ ఆవిష్కరణల పేటెంట్లు డైమ్లర్ పేరు మీద నమోదయ్యాయి. డబ్బు పెట్టినది ఆయన, మేబాక్ ఆయన వద్ద ఉద్యోగి. నాటి ఆనవాయితీ ప్రకారం అందులో అన్యాయమేమీ లేదు. మేబాక్ కూడా డైమ్లర్ జీవించి ఉన్నంతకాలం ఆ బంధాన్ని తెంచుకోలేదు. కాకపోతే, చరిత్ర పుస్తకాల్లో చాలాకాలం మేబాక్ డైమ్లర్ సహాయకుడిగానే మిగిలిపోవడానికి బీజం ఆ పేటెంటు కాగితాల్లోనే పడింది.

ఇంజిన్ వేడి సంగతిని కొంత వివరంగా చెప్పుకోవాలి. ఇంధనం మండగా పుట్టే వేడిలో చక్రాలను తిప్పడానికి ఉపయోగపడేది కొంత భాగమే. పొగతో పాటు బయటికి పోయేది కొంత. మిగిలినది, స్థూలంగా మూడోవంతు, సిలిండర్ గోడలను కాలుస్తుంది. దాన్ని తొలగించకపోతే నూనె పలుచబడి మాడిపోతుంది, పిస్టన్ వ్యాకోచించి సిలిండర్‌లో బిగుసుకుపోతుంది. కర్మాగారంలో ఒకచోట నిలిపి ఉంచే ఇంజిన్‌కు ఇది సమస్య కాలేదు. పక్కన పెద్ద తొట్టె నిండా నీళ్లు పెట్టుకుంటే సరిపోయేది. కదిలే బండికి ఆ సౌకర్యం లేదు. నీటిని మరగనిచ్చి, ఆవిరైపోయిన కొద్దీ మళ్లీ పోసుకుంటూ వెళ్లడమే తొలి మోటారు బండ్ల పద్ధతి. దారి పొడవునా బావులూ, కాలువలూ వెతుక్కోవలసిందే.

మేబాక్ ఈ చిక్కుముడికి ఒకటి తరువాత ఒకటిగా ఉపాయాలు పన్నారు. 1889లో ఆయన గీసిన ఉక్కు చక్రాల కారులో బండి చట్రమే నీటి గొట్టమైంది. ఇంజిన్ నుంచి వచ్చే వేడినీరు చట్రపు బోలు గొట్టాల గుండా తిరిగి, గాలికి చల్లబడి వెనక్కి వచ్చేది. ఆ బండిని అదే ఏడాది పారిస్ ప్రదర్శనలో చూపించారు. ఫ్రాన్స్‌లో మోటారు పరిశ్రమ పుట్టుకకు అది గొప్ప ప్రేరణ అయింది. మరో సందర్భంలో, తిరుగుతున్న ఫ్లైవీల్ అంచులోకి నీటిని పోనిచ్చి, ఆ వేగానికి తగిలే గాలితో చల్లార్చే పద్ధతిని ప్రయత్నించారు. ఒకటి రెండు అశ్వశక్తుల ఇంజిన్లకు ఇవి సరిపోయాయి. శక్తి పెరిగేకొద్దీ సరిపోలేదు.

ఈ మధ్యలో ఆయన ఉద్యోగ జీవితం ఒక పెద్ద కుదుపుకు లోనైంది. 1890లో పెట్టుబడిదారులు చేరడంతో డైమ్లర్ వర్క్‌షాపు డైమ్లర్ మోటార్ కంపెనీగా మారింది. కొత్త యజమానులకు బండ్ల మీద నమ్మకం లేదు. నిలిచి పనిచేసే ఇంజిన్లు అమ్మితే చాలని వారి ఉద్దేశం. మేబాక్‌కు సముచిత స్థానం ఇవ్వడానికి కూడా వారు అంగీకరించలేదు. 1891 ఫిబ్రవరిలో ఆయన బయటికి వచ్చేశారు. కొంతకాలం ఇంట్లోనే డ్రాయింగులు గీశారు. తరువాత డైమ్లర్ లోపాయికారీగా సొమ్ము సమకూర్చడంతో, కాన్‌స్టాట్‌లో మూతపడిన హెర్మన్ హోటల్ హాలును అద్దెకు తీసుకుని కొద్దిమంది పనివారితో ప్రయోగాలు కొనసాగించారు. ఒకప్పుడు అతిథులతో కళకళలాడిన హాలులో ఇప్పుడు లేత్ మిషన్లు తిరిగాయి. సన్నని ముక్కు నుంచి పెట్రోలును తుంపరగా చిమ్మి గాలితో కలిపే కార్బ్యురేటర్ అక్కడే రూపొందింది. ఆ సూత్రం తరువాతి దాదాపు వందేళ్లపాటు ప్రపంచంలోని కార్లనూ మోటార్ సైకిళ్లనూ నడిపించింది. మన ఊళ్లలో తెల్లవారుజామున చోక్ లాగి స్కూటర్‌ను తన్నిన తరాలన్నీ ఆ హోటల్ హాలుకు ఎంతో కొంత రుణపడినవే.

డైమ్లర్, మేబాక్ లేని కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. ఇంజిన్ హక్కులు కొనడానికి ముందుకు వచ్చిన ఇంగ్లండ్ వ్యాపారి ఫ్రెడరిక్ సిమ్స్, డైమ్లర్ తిరిగి వస్తేనే ఒప్పందమని షరతు పెట్టారు. అలా 1895 నవంబరులో ఇద్దరూ తిరిగి వచ్చారు. మేబాక్ సాంకేతిక డైరెక్టర్ అయ్యారు. పంతం నెగ్గిన సందర్భమే అయినా, కంపెనీ పెద్దల మనసులో ఆయన స్థానం పెద్దగా మారలేదని తరువాతి సంఘటనలు రుజువు చేశాయి.

తిరిగి వచ్చాక ఆయన చేతుల్లో ఫీనిక్స్ ఇంజిన్ ఉంది. అది మునుపటివాటికన్నా చాలా శక్తిమంతమైనది. కారు ముందు భాగానికి మారిన ఆ ఇంజిన్ కోసం 1897లో మేబాక్ గొట్టాల రేడియేటర్‌ను రూపొందించారు. నీళ్లు నిండిన పెట్టె గుండా ఎన్నో సన్నని గొట్టాలు అడ్డంగా సాగుతాయి. గొట్టాల లోపలి నుంచి గాలి దూసుకుపోతుంది, చుట్టూ ఉన్న నీరు తన వేడిని గొట్టం గోడకు, గోడ గాలికి అప్పగిస్తుంది. ఆలోచన సరైనదే. అయినా బండికి ఇంకా పద్దెనిమిది లీటర్ల నీరు మోయవలసి వచ్చేది. ఆ బరువు తగ్గాలంటే ఇంకేదో చేయాలి.

ఆ సమయంలో రంగప్రవేశం చేసిన వ్యక్తి ఎమిల్ యెల్లినెక్. ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్ నగరంలో స్థిరపడిన ఆస్ట్రియా వ్యాపారి. ధనికుల సంతతికి కార్లు అమ్మేవారు, స్వయంగా పందేల్లో పాల్గొనేవారు. పందేల్లో తన కుమార్తె మెర్సిడెస్ పేరును మారుపేరుగా పెట్టుకునేవారు. ఎంత వేగమైన కారు ఇచ్చినా ఆయనకు చాలేది కాదు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి కాన్‌స్టాట్‌లోని వారిని ఊపిరి సలపనిచ్చేవారు కాదు. అటువంటి కొనుగోలుదారు ఏ ఇంజనీరుకైనా తలనొప్పే. మేబాక్ విషయంలో మాత్రం ఆ తలనొప్పే వరమైంది.

1900 మార్చి విషాదాల నెల. 6వ తేదీన గోట్లీబ్ డైమ్లర్ మరణించారు. ముప్పయ్యయిదేళ్ల సాహచర్యం అలా ముగిసింది. అదే నెల 30న నీస్ సమీపంలోని లా టర్బీ కొండ మీదికి జరిగిన పందెంలో ఫీనిక్స్ కారు మొదటి మలుపులోనే రాతిగోడను ఢీకొంది. దాన్ని నడుపుతున్న విల్‌హెల్మ్ బవర్ ప్రాణాలు కోల్పోయారు. బండి ఎత్తుగా, పొట్టిగా, ముందు భాగంలో విపరీతమైన బరువుతో ఉండటం ప్రమాదానికి కారణమన్నది స్పష్టమే. కంపెనీ పందేలకు స్వస్తి చెప్పాలనుకుంది. యెల్లినెక్ అందుకు ఒప్పుకోలేదు. పొడవైన, వెడల్పైన, నేలకు దగ్గరగా ఉండే, తేలికైన, మరింత శక్తిగల కారు కావాలన్నారు. ముప్పయ్యారు కార్లకు అయిదున్నర లక్షల మార్కుల ఆర్డరు పెట్టారు. ఇంజిన్‌కు తన కుమార్తె పేరు పెట్టాలన్నది షరతు.

ఆత్మీయుణ్ణి పోగొట్టుకున్న మేబాక్ కొద్ది నెలల్లోనే ఆ కారును కాగితం మీదికి, కాగితం నుంచి రోడ్డు మీదికి తెచ్చారు. నాలుగు సిలిండర్లు, దాదాపు ఆరు లీటర్ల ఘనపరిమాణం, ముప్పయ్యయిదు అశ్వశక్తి. బరువు తగ్గించడానికి క్రాంక్‌కేస్‌కు తేలికపాటి మిశ్రమలోహం వాడారు. చట్రానికి అచ్చులో ఒత్తిన ఉక్కు వాడారు. ఇవన్నీ ముఖ్యమైనవే. వాటన్నిటికీ ప్రాణం పోసినది మాత్రం ఇంజిన్ ముందు నిలువుగా నిలిపిన ఒక చదరపు పలక, అంటే తేనెపట్టు రేడియేటర్. దాని పేటెంటు 1900 సెప్టెంబరు నాటిది.

దాని నిర్మాణం తెలుసుకుంటే మేబాక్ బుద్ధి పనిచేసే తీరు తెలుస్తుంది. ఆరు మిల్లీమీటర్ల చదరపు నోరు గల చిన్న గొట్టాలు 8,070 తీసుకుని, ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి పేర్చి, చివర్లను టంకంతో అతికించారు. గొట్టాల మధ్య సన్నని సందుల్లో నీరు పారుతుంది, గొట్టాల లోపల గాలి పారుతుంది. ముందు నుంచి చూస్తే అచ్చం తేనెపట్టే. అంత పెద్ద నోరున్న ఒకే ఒక్క గొట్టం పెట్టినా అంతే గాలి పట్టే జాగా ఉంటుంది. కానీ దాన్నే 8,070 గళ్లుగా విభజిస్తే, అదే పొడవులో గాలి తాకే గోడ సుమారు తొంభై రెట్లు పెరుగుతుంది. వేడి చేతులు మారేది గోడ దగ్గరే గనుక ఆ పెరుగుదలే సర్వస్వం. పైగా సన్నని సందుల్లో పారే నీటిలో గోడకు దూరంగా ఉండే బొట్టు అంటూ ఉండదు.

ఫలితంగా పద్దెనిమిది లీటర్లు కావలసిన చోట తొమ్మిది లీటర్లు సరిపోయాయి. నీటి బరువు సగమైంది, ఇంజిన్ శక్తి పెరిగింది. రెండూ ఒకేసారి సాధ్యం కావడమే విశేషం. అంతకుముందు ఎవరికైనా తోచే పరిష్కారం పెద్ద తొట్టె, ఎక్కువ నీరు. పెద్ద తొట్టె చేసేది ఒక్కటే, నీరు మరిగే సమయాన్ని కాస్త వాయిదా వేస్తుంది. పుట్టిన వేడిని పుట్టినట్టే గాలిలోకి వదిలేయగలిగితే తొట్టెతో పని లేదు.

రేడియేటర్ వెనుక మేబాక్ ఒక చిన్న ఫ్యాన్‌ను కూడా పెట్టారు. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే చాలు, ఫ్యాన్ అక్కరలేదు. చిక్కంతా నెమ్మదిగా కొండ ఎక్కేటప్పుడే. అప్పుడు ఇంజిన్ పూర్తి శక్తితో పనిచేస్తుంటుంది, ఎదురుగాలి మాత్రం ఉండదు. శ్రీశైలం, తిరుమల ఘాట్ రోడ్ల మీద మండువేసవిలో బానెట్ ఎత్తి పక్కన నిలిపిన వాహనాలను చూసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. నేడు ఆ ఫ్యాన్‌ను విద్యుత్తు తిప్పుతుంది. ఉష్ణోగ్రత పెరగ్గానే దానంతట అదే మొదలవుతుంది. స్పోర్ట్స్ కార్లలో దాని చుట్టూ ఒక కవచం బిగించి, గాలి పక్కలకు జారిపోకుండా మొత్తం పలక గుండానే లాగేలా చేస్తారు. గొట్టాలు అల్యూమినియంవి అయ్యాయి. మూతకు ఒత్తిడి తట్టుకునే స్ప్రింగు వచ్చి, నీరు వంద డిగ్రీలు దాటినా మరగకుండా చేసింది. రేడియేటర్ మార్చాలనుకునేవారు నేటికీ వేసుకోవలసిన ప్రశ్నలు మాత్రం 1900లో మేబాక్ వేసుకున్నవే. గాలి తాకే గోడ ఎంత, దాని గుండా పోయే గాలి ఎంత, బండి నిలిచినప్పుడు ఆ గాలిని లాగేది ఏది?

మొదటి కారు 1900 డిసెంబరు 22న రైలు మీద నీస్‌కు బయలుదేరింది. మరుసటి ఫిబ్రవరిలో పో పట్టణంలో జరిగిన పందెంలో అది మధ్యలోనే ఆగిపోయింది. నవ్వినవారు నవ్వారు. మార్చి చివరి వారంలో నీస్ పోటీలు మొదలైనప్పుడు నవ్వులు ఆగిపోయాయి. విల్‌హెల్మ్ వెర్నర్ నడిపిన కారు 392 కిలోమీటర్ల దూరపు పందెంలో సగటున గంటకు 58 కిలోమీటర్ల వేగంతో గెలిచింది. ఏడాది క్రితం బవర్‌ను బలితీసుకున్న లా టర్బీ కొండ మీదికి సగటున 51 కిలోమీటర్ల వేగంతో ఎక్కింది. రెండేళ్ల క్రితం అదే కొండ మీద నెలకొన్న రికార్డు 31 కిలోమీటర్లే. చల్లదనం తప్పిన ఇంజిన్‌కు ఆ ఏటవాలు మీద అటువంటి వేగం సాధ్యమయ్యేది కాదు.

యూరప్‌లోని తయారీదారులందరూ ఆ కారును చూసి తమ బండ్లను మార్చుకున్నారు. ఆధునిక కారు దానితోనే మొదలైందని చరిత్రకారులు చాలామంది అంగీకరిస్తారు. అప్పటివరకు కారు అంటే గుర్రం తీసేసిన బండి. ఇప్పుడు దానికి సొంత ముఖం వచ్చింది. ఆ ముఖం రేడియేటరే. తరువాత అనేక కంపెనీల కార్లను జనం గుర్తుపట్టినది ముందున్న ఆ పలక ఆకారాన్ని బట్టే. 1902లో కంపెనీ తన కార్లకు మెర్సిడెస్ పేరును అధికారికంగా నమోదు చేసింది. కారును గీసినవారి పేరు, కంపెనీని స్థాపించినవారి పేరు కూడా పక్కకు జరిగి, నీస్‌లో ఆడుకుంటున్న ఒక బాలిక పేరు ప్రపంచమంతా మారుమోగింది. పేరు శ్రావ్యంగా ఉందనడంలో సందేహం లేదు. డిజైనర్‌కు దక్కినది మాత్రం ఫ్రెంచివారు అభిమానంతో పెట్టిన డిజైనర్ల రాజు అనే బిరుదు. సొంత దేశంలో, సొంత కంపెనీలో ఆ మాత్రం కూడా దక్కలేదు.

డైమ్లర్ లేని కంపెనీలో మేబాక్‌కు అండగా నిలిచేవారు కరువయ్యారు. అమ్మకాలు పెరుగుతున్నాయి, కర్మాగారం విస్తరిస్తోంది, ఆయన మాట మాత్రం తగ్గుతూ వచ్చింది. క్రమంగా ప్రధాన డిజైన్ బాధ్యతలు ఇతరుల చేతుల్లోకి వెళ్లాయి, ఆయనకు ఆవిష్కరణల విభాగం అనే ఒక మూల గది మిగిలింది. ఆ గదిలోనే ఆరు సిలిండర్ల, 120 అశ్వశక్తుల పందెపు ఇంజిన్‌ను గీశారు. 1907లో, అరవయ్యొకటో ఏట, కంపెనీని శాశ్వతంగా విడిచి వెళ్లారు. ఆ కంపెనీ తయారుచేసిన గొప్ప వస్తువులన్నిటి మీదా ఆయన గీత ఉంది. వీడ్కోలు అందుకు తగినట్టుగా జరగలేదు.

మరుసటి ఏడాది ఆగస్టులో కౌంట్ జెప్పెలిన్ నిర్మించిన ఆకాశనౌక ఎక్టర్‌డింగెన్ వద్ద నేలమీద ఉండగా తుపానుకు చిక్కి కాలిపోయింది. నౌకకు నమ్మదగిన ఇంజిన్లు అవసరమని మేబాక్ గ్రహించారు. కొడుకు కార్ల్ అప్పటికే సమర్థుడైన డిజైనర్. తండ్రి కౌంట్‌కు లేఖ రాసి కొడుకును పరిచయం చేశారు. 1909లో జెప్పెలిన్ భాగస్వామ్యంతో ఆకాశనౌకల ఇంజిన్ల సంస్థ ఏర్పడింది. కార్ల్ దాని సాంకేతిక సారథి అయ్యాడు. తండ్రి సలహాదారుగా వెన్నంటి నిలిచారు. డైమ్లర్ ఒకప్పుడు తనకు చేసిన సహాయాన్ని ఆయన ఈసారి తన కుమారుడికి చేశారనుకోవచ్చు. తేడా ఒక్కటే, ఇక్కడ పేరు పక్కకు జరగలేదు.

1916లో స్టుట్‌గార్ట్ సాంకేతిక విద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ప్రదానం చేసింది. సాయంత్రపు తరగతుల్లో చదువుకున్న అనాథకు డెబ్బయ్యవ ఏట దక్కిన పట్టా అది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక విమానాల ఇంజిన్లు తయారుచేయడం మీద జర్మనీకి నిషేధం వచ్చింది. కార్ల్ కార్ల వైపు మళ్లాడు. 1921లో బెర్లిన్ ప్రదర్శనలో తొలి మేబాక్ కారు నిలిచింది. ఇంజిన్, రేడియేటర్, కార్బ్యురేటర్, గేర్లు అన్నిటినీ తీర్చిదిద్దిన మనిషి పేరు కారు మీద కనిపించడం అదే మొదటిసారి. అప్పటికి ఆయన వయసు డెబ్బై అయిదేళ్లు.

తేనెపట్టు రేడియేటర్ మాత్రం అంతకాలం నిలవలేదు. వేల గొట్టాలను చేత్తో పేర్చి అతికించడం ఖర్చుతో కూడిన పని, ఎక్కడ చిన్న అతుకు విడినా నీరు కారిపోయేది. లక్షల్లో కార్లు తయారుచేసే కాలం వచ్చాక, నీరు గొట్టాల్లోనూ గాలి వాటి మధ్యనున్న పలుచని రేకుల గుండానూ పోయే నేటి అమరిక దాని స్థానాన్ని ఆక్రమించింది. నీటికీ గాలికీ మధ్య గోడను వీలైనంత పలుచగా, వీలైనంత విస్తారంగా పరచడమన్న లెక్క దానిలోనూ మారలేదు.

1929 ఆగస్టులో గ్రాఫ్ జెప్పెలిన్ అనే ఆకాశనౌక భూమిని చుట్టివచ్చింది. దాన్ని మోసుకెళ్లిన అయిదు ఇంజిన్లూ మేబాక్‌లే. ఆ వార్త విన్న నాలుగు నెలలకు, డిసెంబరు 29న, ఎనభై మూడేళ్ల వయసులో విల్‌హెల్మ్ మేబాక్ స్టుట్‌గార్ట్‌లో కన్నుమూశారు. కాన్‌స్టాట్‌లోని ఉఫ్ శ్మశానవాటికలో, గోట్లీబ్ డైమ్లర్ సమాధి ఉన్న ఆవరణలోనే, ఆయనను ఖననం చేశారు.